అతుకు రోజు

మా ఇల్వెన్ దీవిలో ఏడాదికి రెండువందల పది రోజులు.
నమ్మకపోతే వచ్చి లెక్కపెట్టుకోండి,
తిమింగలం పక్కటెముక మీద నా చేత్తో గీసిన గాట్లు.
నాకు ముందు మా మేనత్త గీసింది.
ఆమెకి ముందు ఎవరో ఎడమచేతి మనిషి,
ఆ గాట్లన్నీ అటు వాలి ఉంటాయి.

మొదట ఉప్పుకారు, అరవై రోజులు.
గాలే రుచి, కూరలో వేరే ఉప్పు వెయ్యం.
పసిపిల్లల కనుబొమలు కూడా నెరుస్తాయి.
తరవాత ఈలకారు. రెల్లు ఈల వేస్తుంది, మనం వెయ్యకూడదు;
వేస్తే తననే పిలిచారనుకుని
గాలి ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది, ఓ పట్టాన లేవదు.
గుల్లకారులో నత్తలు ఇంటికప్పుల మీద కాపురం పెడతాయి.
తుప్పుకారులో వాన ఎర్రగా పడుతుంది,
అందరి మీదా ఒకేసారి మొదలై
గీత గీసినట్టు ఒకేసారి ఆగుతుంది.
తాళాలు తిరగవు.
నలభైఆరు రోజులు తలుపు వెయ్యడమంటే
మర్యాదకి దగ్గరగా లాగడమే.

చివర మూగకారు, తొమ్మిదే రోజులు.
మంచు పడుతుంది, చలి ఉండదు.
చెట్లుంటాయి, నీడలుండవు.
నోరు తెరిస్తే మాట రాదు, చేతులతో పోట్లాడుకుంటాం.
ఈ లోకాన్ని అల్లినవాళ్ళు
ఇక్కడికొచ్చేసరికి అలసిపోయారని మేనత్త అనేది.
నేను తప్పుపట్టను.
నేనూ కొన్ని గాట్లు నిద్రమత్తులో గీశాను.

తలల మీద పేర్లు తేలుతూ నడిచే పరాయివాళ్ళు
మూగకారులో రారు. మిగతా రోజుల్లో వస్తారు,
ఇది ఏ కారని అడుగుతారు.
నీలి పుట్టగొడుగులు ఎప్పుడు మొలుస్తాయో తెలియాలి, అంతే.
నా జవాబు సగంలో ఉండగానే గెంతుకుంటూ పోతారు.
చచ్చినా ఒడ్డున రాయి దగ్గర మళ్ళీ లేచేవాళ్ళు,
తేదీలతో వాళ్ళకేం పని?

మాకుంది పని.
జలసంధికి అవతల ఒర్స్కా ఉంది.
అక్కడా ఇవే కారులు, ఇదే వరస.
కానీ మూగకారు అయ్యాక వాళ్ళకో రోజు ఎక్కువ,
ఏ కారుకీ చెందని రోజు. దాని పేరు అతుకు.
ఒక్క రోజే కదా అంటారు మీరు.
ఏటా ఒక్క రోజు!
జరిగి జరిగి, మేం ఎర్రవానలో తడుస్తూ చూస్తే
ఇప్పుడు వాళ్ళ గట్టున మూగమంచు.

పదమూడేళ్ళ కిందట, తుప్పుకారు పద్నాలుగున,
మా తుయెన్న ఒర్స్కా హాల్దుని పెళ్ళాడింది.
వాళ్ళకి ఆ రోజు అతుకు.
అతుకునాడు రాసిన బాకీ చెల్లదు, చెప్పిన సాక్ష్యం చెల్లదు.
మరి పెళ్ళి?
వాళ్ళ పెద్దలు మూడు కుండల సారా తాగి కూడా తేల్చలేదు.
అతని మలుగుచేపల బోనులు అక్కడ,
ఈమె ఉప్పుమళ్ళు ఇక్కడ, ఎవరి రేవు వాళ్ళు వదలరు.
పెళ్ళిరోజుకి మాత్రం తప్పకుండా వస్తానన్నాడు.

మొదటి ఏడు ఒక రోజు ఆలస్యం. చారుగిన్నె విసిరింది.
రెండో ఏడు రెండు రోజులు. తలుపుకి తాళం వెయ్యబోయింది,
తుప్పుకారులో!
ఐదో ఏడు ఐదు.
"ఏటా ఒక రోజు మోజు తగ్గుతోంది" అని నా దగ్గర ఏడ్చింది.
ఎముక తెచ్చి ముందు పెట్టాను.
అతను ఆలస్యం కాలేదే పిల్లా,
అతని అతుకుకి అతను సరిగ్గానే వస్తున్నాడు.
గాట్ల మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది.
మూడోసారి నవ్వింది.

ఈ ఏడు పద్నాలుగు వెళ్ళింది. ఇరవై వెళ్ళింది.
ఇరవైమూడున విరిగిన తెడ్డు ఒకటి కొట్టుకొచ్చింది,
పిడి దగ్గర ఒర్స్కా ముడి.
ఊళ్ళో ఆడవాళ్ళు బూడిదగిన్నె పట్టుకుని బయల్దేరారు.
తుయెన్న గుమ్మంలోనే ఆపేసింది.
"ఇంకా నాలుగు రోజులుంది" అంది,
వడ్డీ లెక్క చెప్పినట్టు.

ఇవాళ ఇరవైఆరు.
గాటు గీద్దామని కత్తి తీసి, నా జన్మలో మొదటిసారి ఆగాను.
రెండు గీస్తే రేపు ఇవాళే వచ్చేస్తుందా?
ఎముక ఒప్పుకోదు. ఒకటే గీశాను.
అవతలి గట్టున ఇవాళ మూగకారు ఆఖరి రోజు,
ఎవరు ఎంత అరిచినా ఇటు వినపడదు.
ఇటు మాత్రం వినపడుతోంది,
రెండిళ్ళ అవతల, ఎర్రవానలోంచి,
మలుగులు కోసే కత్తిని ఎవరో సానపడుతున్న చప్పుడు.